అయోవాలో మా ఊరివాళ్ళు

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా క్లినిక్ వెనక గదిలో రేడియో మోగేది. ముందు మొక్కజొన్న, సోయా ధరలు. తర్వాత పందుల ధర. ఆపైన వాతావరణం. అదయ్యాక చుట్టుపక్కల ఎవరు పోయారో, అంత్యక్రియలు ఏ చర్చిలో ఎన్నింటికో చెప్పేవారు. అన్నీ ఒకే మనిషి, ఒకే గొంతుతో చదివేవాడు. మా నర్సు తింటున్న శాండ్‌విచ్ పక్కన పెట్టి పేర్లు రాసుకునేది. శుక్రవారం ఫలానావాళ్ళ అంత్యక్రియలంటే ఆ పొద్దున సగం మంది పేషెంట్లు రారు. వాళ్ళ అపాయింట్‌మెంట్లు ఎవరూ అడక్కుండా తనే మార్చేసేది.

అమెరికాలో, అయోవా రాష్ట్రపు వాయవ్య మూలనున్న ఆ ఊరికి మేం వెళ్ళింది వీసా కోసం. జె-1 వీసా మీద రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో డాక్టరు శిక్షణ, చేసిన విదేశీ డాక్టర్లు చదువు కాగానే రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలి. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయడానికి ఒప్పుకుంటే ఆ షరతు మాఫీ చేస్తారు. రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ అవకాశం ఉంటుంది. కాన్సాస్, నెబ్రాస్కా, డకోటాల్లో మారుమూల ఊళ్ళలో కూడా మన తెలుగు డాక్టర్లు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. వరంగల్ దగ్గర పత్తి చేల మధ్య పెరిగిన నేను అలా మొక్కజొన్న చేల మధ్యకి వెళ్ళాను. పాతిక పడకల ఆస్పత్రి, ధాన్యం గోదాములు, మూడు చర్చిలు, ఒక కేఫ్. అంతే ఊరు. షరతు తీరాక కూడా చాలాకాలం అక్కడే ఉండిపోయాం. మా పిల్లలు నడక నేర్చింది అక్కడే.

అక్కడి మనుషుల గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. ఎందుకంటే వాళ్ళు తమ గురించి తాము చెప్పుకోరు. "ఎలా ఉన్నారు" అంటే "పర్లేదు" అంటారు. బాగా లేకపోతే "ఇంతకంటే ఘోరంగా ఉన్నవాళ్ళు లేరా" అంటారు. గుండెల్లో నొప్పి మొదలయ్యాక కూడా బండిలో ఉన్న గింజలన్నీ దించేసి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని ఆస్పత్రికొచ్చినాయన్ని నేను చూశాను. "ఎప్పట్నుంచి నొప్పి?" అని అడిగితే ఆయన గోడకేసి చూశాడు. "పొద్దుటి నుంచీ" అని భార్య చెప్పింది. అలాంటి మనుషుల బతుకు కథ బయటికొచ్చేది వాళ్ళు పోయినప్పుడే. ఫ్యూనరల్ హోమ్‌లో శవపేటిక పక్కన వరుసలో నిలబడినప్పుడు, చర్చి బేస్‌మెంట్‌లో భోజనాల దగ్గర, అప్పుడు ఒక్కొక్కరూ నోరు విప్పుతారు. నాకు ఆ ఊరు అర్థమైంది చాలావరకు ఆ బేస్‌మెంట్లలోనే.

ముందు అక్కడి నేల గురించి చెప్పాలి. ప్రభుత్వం సర్వే చేసి గీసిన గళ్ళే ఇప్పటికీ అక్కడ రోడ్లు. మైలుకొక కంకర రోడ్డు, నిలువుగా, అడ్డంగా. ఒక చదరపు మైలు 640 ఎకరాలు, దాన్నొక సెక్షన్ అంటారు. అలాంటివి 36 కలిస్తే ఒక టౌన్‌షిప్. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలు, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగుచేస్తే సొంతం. కొందరు అలా పొందారు, కొందరు రైల్వే కంపెనీల దగ్గర కొనుక్కున్నారు. జర్మన్లు, నార్వేవాళ్ళు, డచ్చివాళ్ళు, ఒక్కో చర్చి చుట్టూ ఒక్కో గుంపు. అంటే ఒకప్పుడు చదరపు మైలుకి నాలుగు ఇళ్ళు, నాలుగు పొయ్యిలు, బడికెళ్ళే పిల్లలు ఓ పాతికమంది. నేను వెళ్ళేనాటికి వరసగా రెండు మూడు మైళ్ళు పోయినా ఒక్క ఇల్లు తగలని రోడ్లున్నాయి.

కానీ దారి చెప్పేటప్పుడు మాత్రం ఆ ఇళ్ళన్నీ ఉన్నట్టే చెప్పేవాళ్ళు. "ఫలానావాళ్ళ పాత ఇంటి దగ్గర ఎడమకి తిరిగి, పాత బడి దగ్గర కుడికి రా" అనేవాళ్ళు. వెళ్ళి చూస్తే ఇల్లూ ఉండదు, బడీ ఉండదు. ఉత్తరపు గాలికి అడ్డంగా ఎవరో నాటిన చెట్ల వరస, పక్కన లైలాక్ పొద. అంతకుమించి ఏమీ మిగల్లేదు. ఆ ఫలానావాళ్ళు పోయి యాభై ఏళ్ళయ్యుంటుంది. మొదటి చలికాలం నేను ఆ దారుల్లో బాగా ఇబ్బందిపడ్డాను. తర్వాత తర్వాత నాకూ ఆ ఇళ్ళు కనిపించసాగాయి, నేనూ అలాగే దారి చెప్పడం మొదలుపెట్టాను.

ఊరికి ఆరు మైళ్ళ దూరంలో కంకర రోడ్డు మీద ఒక లూథరన్ చర్చి ఉంది. దాని పక్కనే సమాధులు. ఆదివారం సాయంత్రాలు మావారూ నేనూ పిల్లల్ని తీసుకుని అటు నడవడానికి వెళ్ళేవాళ్ళం. పాత రాళ్ళన్నీ జర్మన్ భాషలో. ఇక్కడ విశ్రమిస్తున్నారు అని మొదలై, పుట్టిన ఊరు, ఏళ్ళు, నెలలు, రోజులు. పిల్లల రాళ్ళు చిన్నవి, మోకాలెత్తు కూడా ఉండవు. ఒక వరసలో మూడు ఉన్నాయి, ఒకే ఇంటి పిల్లలవి, ఒకే వారంలో. డిఫ్తీరియా అని మా నర్సు చెప్పింది. తనకి వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. ఆ మూడింటి ముందు నిలబడ్డప్పుడు డాక్టరుగా నాకు కలిగిన బాధ వేరు. ఆ పిల్లల్ని కాపాడే టీకా నా క్లినిక్ ఫ్రిజ్‌లో ఉంటుంది. రోజూ వేస్తాం, పిల్లలు ఏడుస్తారు, స్టిక్కరిస్తాం, ఇంటికెళ్ళిపోతారు.

కొన్ని రాళ్ళ మీద 1888 జనవరి 12 అని ఒకే తేదీ ఉంటుంది. పొద్దున వెచ్చగా ఉండి, పిల్లలు పల్చటి బట్టల్లో బడికెళ్ళిన రోజు హఠాత్తుగా మంచు తుఫాను వచ్చింది. డకోటా, నెబ్రాస్కా, మా వైపు కలిపి రెండు వందల మందికి పైగా పోయారు. చాలామంది బడి నుంచి ఇంటికొచ్చే పిల్లలే. ఇంకొన్ని రాళ్ళ మీద 1918 చివరి నెలలు ఉంటాయి, అది ఫ్లూ. ఆ వరసలో ఎక్కువమంది పాతిక, ముప్ఫై ఏళ్ళవాళ్ళు.

1918లోనే ఇంకోటి జరిగింది. జర్మనీతో యుద్ధం నడుస్తోందని అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ మే నెలలో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. బడిలో, రైల్లో, ఫోన్లో, చర్చిలో, నలుగురున్న చోట ఎక్కడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని. ఆ చర్చి సమాధుల్లో అది స్పష్టంగా కనపడుతుంది. ఆ ఏడాది తర్వాత అన్నీ ఇంగ్లీషే. తల్లి రాయి జర్మన్‌లో, పక్కనే కొడుకు రాయి ఇంగ్లీషులో. ప్రార్థన చేసుకునే భాష, బిడ్డని పాతిపెట్టేటప్పుడు ఏడ్చే భాష కూడా వదులుకోమన్నారు వాళ్ళని. అక్కడివాళ్ళ మితభాషితనానికి ఇదొక్కటే కారణమని చెప్పలేను కానీ, ఇందులోంచి కొంత వచ్చిందనే నా నమ్మకం.

కొత్త రాళ్ళలో నన్ను నిలబెట్టేసేవి దంపతులవి. భర్త పోగానే ఇద్దరి పేర్లూ ఒకే రాతి మీద చెక్కిస్తారు. భార్య పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. నా పేషెంట్లలో ఒక పెద్దావిడ ప్రతి మే నెల చివర్లో తన పేరున్న రాతి ముందే మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకి, పెరట్లో కోసుకొచ్చిన పియోనీ పూలు పెట్టేది. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే మెమోరియల్ డే నాటికి అక్కడ సరిగ్గా పియోనీలు విచ్చుకుంటాయి. కాఫీ డబ్బాకి వెండి కాగితం చుట్టి, అందులో నీళ్ళు పోసి, పూలు గుచ్చేది. భర్తకి ఒకటి, అత్తమామలకి ఒకటి, పసిగుడ్డుగా పోయిన కూతురికి ఒకటి.

ఆవిడ పుట్టింది అయోవా నైరుతి మూల, రెడ్ ఓక్ దగ్గర పొలంలో. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి కుర్రాళ్ళు నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైన్యం) తరఫున సైన్యంలోని 34వ డివిజన్‌తో కలిసి ఉత్తర ఆఫ్రికా వెళ్ళారు. 1943 ఫిబ్రవరిలో ట్యునీషియాలో జర్మన్ల చేతికి చిక్కారు. మార్చిలో ఒక్క సాయంత్రమే రెండు డజన్లకు పైగా టెలిగ్రాములొచ్చాయి ఆ ఊరికి, మీ అబ్బాయి ఆచూకీ తెలియడం లేదని. తర్వాత చాలామంది ఖైదీలుగా బతికున్నట్టు తెలిసింది, కొందరు తిరిగి రాలేదు. "ఆ వారమంతా మా అమ్మ వాకిలి వైపున్న కిటికీ తెర తీయలేదు" అని చెప్పింది ఆవిడ. అంతకుమించి చెప్పలేదు. వెంటనే కరెంటు సంగతి ఎత్తుకుంది. పల్లెలకి కరెంటు కోసం 1935లో ప్రభుత్వం సంస్థ పెట్టినప్పుడు పొలాల్లో ఉన్న ఇళ్ళలో పదింట ఒకదానికి మాత్రమే కరెంటుండేది. వాళ్ళింటికి వచ్చింది యుద్ధం అయిపోయాకే. వాళ్ళమ్మ ముందుగా కొన్నది ఇస్త్రీ పెట్టె. అంతకుముందు జూలై ఎండల్లో కూడా కట్టెల పొయ్యి రాజేసి, దాని మీద ఇనప పెట్టెలు కాల్చి ఇస్త్రీ చేసేదట. ఎనిమిది మందికి, ఆదివారం చర్చికి. ఇది చెప్తూ ఆవిడ తన మణికట్టు మీద పాత మచ్చ చూపించింది. అన్నేళ్ళు నాడి చూసినా నేనది గమనించనే లేదు.

ఇక పొలం మీద చావులు. డాక్టరుగా ఇవి నేను మర్చిపోలేను. ట్రాక్టర్ తిరగబడి, ఎరువుగా వాడే అమ్మోనియా తగిలి, అన్నిటికంటే గాదెల్లో. మన గాదెలు కావవి. రెండంతస్తుల ఎత్తున్న గుండ్రటి రేకు గాదెలు, ఒక్కోదాంట్లో వేల బస్తాల మొక్కజొన్న. అడుగునుంచి గింజ లాగుతుంటే పైన నిలబడ్డ మనిషి కొన్ని సెకన్లలో నడుం దాకా కూరుకుపోతాడు. ఛాతీ దాకా మునిగాక పక్కవాళ్ళు చేతుల్తో లాగితే రాడు. గింజలు ఒంటిని బిగించేస్తాయి. 2009లో పంట తడి ఆరకుండానే గాదెల్లోకి వెళ్ళింది. తడి గింజలు అట్టలు కడతాయి, గొట్టం మూసుకుపోతుంది, దాన్ని పొడవడానికి మనిషి లోపలికి దిగుతాడు. 2010లో అమెరికా మొత్తం మీద 50 మందికి పైగా గాదెల్లో చిక్కుకున్నారని పర్డ్యూ యూనివర్సిటీ లెక్క. అందులో ఒకాయన మావాడు.

ఆగస్టులో, కొత్త పంటకి చోటు చేద్దామని పాత గింజ తీస్తున్నాడు. అగ్నిమాపక దళం అంటే అక్కడ ఊళ్ళో వలంటీర్లే. వాళ్ళలో ఆయన తమ్ముడొకడు, ఆయన కొడుక్కి చదువు చెప్పే టీచరొకడు. గాదె రేకుని చుట్టూ రంపాలతో కోసి గింజ బయటికి పారించారు. ఆయన్ని నా దగ్గరికి తెచ్చేటప్పటికి చేయడానికేమీ లేదు. భార్య వచ్చి చెప్పులు విప్పి పక్కన కూర్చుంది. ఆయన చెవిలో ఉన్న గింజల్ని ఒక్కొక్కటీ తీసింది. ఎవరూ ఆవిణ్ణి తొందరపెట్టలేదు.

అక్టోబర్ వచ్చింది. ఆయన పొలం కోతకొచ్చింది. ఒక శనివారం పొద్దున్నే ఆ కంకర రోడ్డు మీద హార్వెస్టర్లు బారులు తీరాయి. ఆకుపచ్చవి, ఎర్రవి, ఎనిమిదో తొమ్మిదో. మూడు వందల ఎకరాలకి పైగా చీకటి పడేలోగా కోసేశారు. వచ్చినవాళ్ళందరికీ సొంత కోతలు మిగిలే ఉన్నాయి, మర్నాడు వాన పడుతుందని కూడా రేడియోలో చెప్పారు. అయినా వచ్చారు. ఆ వచ్చినవాళ్ళలో ఒకాయనకీ, పోయినాయనకీ గట్టు తగాదాతో పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన తన హార్వెస్టర్‌ని ఆ గట్టు వైపు నుంచే మొదలుపెట్టాడు, రాత్రి అందరికంటే ఆఖరున వెళ్ళాడు.

చావు భోజనం గురించి చెప్పకపోతే ఇదంతా అసంపూర్తే. సమాధి దగ్గర పని కాగానే అందరూ చర్చి బేస్‌మెంట్‌కి వస్తారు. బన్నుల్లో హ్యామ్ (పంది మాంసం), పైన కార్న్‌ఫ్లేక్స్ జల్లి కాల్చిన చీజు బంగాళాదుంపలు, రంగు రంగుల జెల్లీ, పెద్ద పెద్ద కెటిళ్ళలో పల్చటి కాఫీ. వండేది చర్చి ఆడవాళ్ళు. ఎవరు ఏం తేవాలో ఫోన్లు చేసి చెప్పే జాబితా ఒకటుంటుంది. గిన్నె అడుగున మాస్కింగ్ టేపు ముక్క, దాని మీద పెన్నుతో ఇంటిపేరు, ఖాళీ గిన్నె ఎవరిది వాళ్ళకి చేరాలి కదా. కొన్ని గిన్నెల అడుగున టేపు మీద టేపు, అత్తగారి పేరు మీద కోడలి పేరు. మేం వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక రాత్రి ఫోనొచ్చింది. "శుక్రవారానికి నువ్వు సలాడ్ తే" అని. మీకు వీలవుతుందా అని కాదు, తే అని. మేం ఆ చర్చివాళ్ళం కాదు, ఆ మతం కాదు, హ్యామ్ ముట్టం. అయినా జాబితాలో చేరిపోయాం. కొన్నాళ్ళకి పెసరపప్పు, కీరా వేసి నేను చేసే కోసంబరి కోసం అడిగి మరీ చెప్పేవాళ్ళు. ఆ స్టీలు గిన్నె అడుగున మా ఇంటిపేరున్న టేపు ఇప్పటికీ ఉంది.

ఆ చర్చి 2010ల్లోనే మూతపడింది. చివరి ఆదివారం ఇరవై మంది కూడా లేరు. బడిని అంతకుముందే పక్క ఊరి బడిలో కలిపేశారు. అక్కడ పెరిగిన పిల్లలు డి మోయిన్, మినియాపొలిస్ నగరాల్లో ఉద్యోగాల్లో ఉన్నారు. పొలాలు కౌలుకిచ్చారు, ఒక్కో కౌలుదారు చేతిలో వేల ఎకరాలు. ఒకే కుటుంబం చేతిలో వందేళ్ళున్న పొలానికి అయోవాలో సెంచరీ ఫామ్ అని బోర్డు ఇస్తారు, 1976 నుంచీ ఉంది ఆ పథకం. ఇల్లు పడగొట్టేసినా గేటు దగ్గర బోర్డు నిలిచి ఉన్న చోట్లు నాకు తెలుసు.

ఊళ్ళు ఇలా ఖాళీ అవడం చాలా ముందు మొదలైనా, నడ్డి విరిగింది మాత్రం 1980ల్లోనే. అంతకుముందు దశాబ్దంలో భూముల ధరలు పెరిగాయి, బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. 1980 జనవరిలో అమెరికా ప్రభుత్వం సోవియట్ యూనియన్‌కి ధాన్యం ఎగుమతి ఆపేసింది. వడ్డీలు ఇరవై శాతం దాకా పాకాయి. అయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లుంటే 1986కి 787 డాలర్లకి పడిపోయింది. అప్పు మాత్రం అంతే ఉంది. కోర్టుల ముందు పచ్చికలో తెల్ల శిలువలు పాతారు, వేలానికి పోయిన ఒక్కో పొలానికి ఒకటి. తమ ప్రాణం తాము తీసుకున్నవాళ్ళున్నారు. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్‌వాళ్ళు (రైతులకి సలహాలిచ్చే విభాగం) 1985లో రైతుల కోసం ఫోన్ లైన్ పెట్టాల్సొచ్చింది.

ఈ మాటలు వింటున్నప్పుడు నాకు మా వైపు 1997-98 గుర్తొచ్చేది. పత్తిని పురుగు తినేసిన ఏడాది. మా నాన్న కూడా పత్తి రైతే. అప్పటికి నేను మెడిసిన్ చదువుతున్నాను. మా ఊళ్ళో, పక్క ఊళ్ళల్లో పోయినవాళ్ళ ఇళ్ళకి నాన్నతో కలిసి వెళ్ళాను. మాకు ఏడుపులు బయటికే ఉంటాయి, వాకిట్లోనే కూర్చుని ఏడుస్తాం. ఆ కంకర రోడ్ల మీద ఇళ్ళలో ఏ శబ్దమూ లేకుండా జరిగింది అదే.

నా పేషెంట్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. తాతల నాటి పొలం, ఒకప్పుడు పాలావులుండేవి. మధుమేహం, చివర్లో కిడ్నీలు. నన్ను "డాక్" అనేవాడు. మా నాన్నకి కూడా రెండు గేదెలుండేవని నేనన్న రోజున మొదటిసారి గొంతు విప్పాడు. 1986లో పాలు ఎక్కువై ధర పడిపోతోందని ప్రభుత్వం మందలకి మందల్నే కొనేసింది. ఒప్పుకున్న రైతు ఆవులన్నిటినీ కబేళాకో, దేశం బయటికో పంపేసి, ఐదేళ్ళపాటు పాడి జోలికి వెళ్ళకూడదు. ఆ ఆవులు మళ్ళీ ఏ కొట్టంలోకీ చేరకుండా దవడ మీద ఇంగ్లీషు ఎక్స్ అక్షరం వాత పెట్టమన్నారు. ఎర్రగా కాల్చిన ఇనుముతో. జంతు సంరక్షణ సంఘంవాళ్ళు కోర్టుకెళ్తే ఆ ఏప్రిల్‌లోనే కోర్టు ఆ పద్ధతిని ఆపించింది. ఈయన మందకి అప్పటికే అయిపోయింది. తన చేత్తోనే పెట్టాడు, వేరేవాడైతే మొరటుగా పెడతాడని. బ్యాంకు అప్పు ఆ డబ్బుతోనే తీరింది, పొలం దక్కింది. ఆ ఆవుల పేర్లు నాకు ఒక్కొక్కటీ చెప్పాడు, డైసీ, రూబీ, డాలీ, వాటి తల్లుల పేర్లతో సహా. "పిల్లలకి చెప్పారా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నేను పోయాక అడిగితే నువ్వు చెప్పు" అన్నాడు.

ఆయన పోయిన మర్నాడు పత్రికకి ఇవ్వాల్సిన సంతాప ప్రకటన రాయడానికి కుటుంబమంతా వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆయన భార్య, ఆ ఇంటి పెద్దావిడ, నాకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళి చెప్పాను, ఆయన చెప్పింది చెప్పినట్టే. కొడుక్కి ఆ ఏడాది పదకొండేళ్ళట. స్కూల్ బస్సు దిగేసరికి కొట్టం ఖాళీగా ఉంది. నాన్నకి ఆవులంటే విసుగెత్తి వదిలించుకున్నాడనుకున్నాడు. పాలు పితకడం వాడికి ఇష్టం. ఆ కోపం కాలేజీకి వెళ్ళేదాకా ఉంది, ఆ తర్వాత అడిగే అలవాటు పోయింది. ఇదంతా మాకు చెప్తూనే కాగితం తన వైపు లాక్కున్నాడు.

గురువారం వారపత్రికలో వచ్చింది. పుట్టిన పొలం, పెళ్ళి, సైన్యంలో చేసిన ఏళ్ళు, చర్చి కమిటీ. ఆ తర్వాత, 1986లో తన పాలావుల మందని వదులుకోవలసి వచ్చిందని, వాటి పేర్లు చివరిదాకా గుర్తుపెట్టుకున్నారని. కింద ఆ ఆవుల పేర్లన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం ఫ్యూనరల్ హోమ్‌లో చివరిచూపుకి వచ్చినవాళ్ళ వరస వీధి దాకా ఉంది. అందులో ఆయన ఈడు రైతులు కొందరు కొడుకు చెయ్యి పట్టుకుని వదల్లేదు, తమ మందల సంగతి చెప్పుకుంటూ. వాళ్ళలో ఇద్దరు నా పేషెంట్లే, నా దగ్గరెప్పుడూ ఆ మాట ఎత్తినవాళ్ళు కాదు. వరస కదలడం లేదని ఫ్యూనరల్ హోమ్ ఆయన ముందుకొచ్చి ఏదో అనబోయాడు. పెద్దావిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. "వాళ్ళని చెప్పుకోనీ, మాకు తొందరేం లేదు" అంది.